ఏడుపు వినపడని ఇల్లు

ఆ ఇంటి పైవాటాలో పిల్ల ఏడుపు వినపడేది కాదు. రెండేళ్ళు దాటిన పిల్ల ఉన్న ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే నిజానికి నలుగురికీ అనుమానం రావాలి. కానీ లోకం తీరే వేరు. పిల్ల ఏడిస్తే ఏమైందని వచ్చి ఆరా తీస్తుంది, ఏడవకపోతే మెచ్చుకుని తన దారిన తాను పోతుంది. మెట్ల మీద ఎదురైన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కండక్టరమ్మను ఆపి, సొంత తల్లయినా ఇంత ఓపిగ్గా చూసుకోదని అనేవాళ్ళు. ఆ ‘సొంత తల్లయినా’ దగ్గర ఆమెకు చురుక్కుమనేది. అయినా ఆ మెప్పును కాదనుకునేంత సిరి ఆమెకు లేదు. రోజు మొత్తంలో ఎవరైనా ఆమెతో మాట్లాడేది ఆ మెట్ల మీద ఆ నాలుగు ముక్కలే.

కండక్టరమ్మ అన్నది పాత పేరు. ఉద్యోగం మానేసి ఏడాది కావస్తున్నా పేరు మాత్రం జిడ్డులా పట్టుకుని వదల్లేదు. సిటీ బస్సులో టికెట్లు కొట్టినన్నాళ్ళూ ఆమె గొంతు ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా ఖంగుమని మోగేది. తాగి తూలేవాణ్ణి ఒక్క చూపుతో దింపేసేది. చిల్లర లేదనేవాడి జేబులోంచే చిల్లర తీయించేది. పెళ్ళి ఊసు మాత్రం ఏటికేడాది వాయిదా పడుతూ వచ్చింది. చివరికి భార్య పోయి పసిపిల్లతో మిగిలిన ఒక క్రేన్ ఆపరేటరు సంబంధం వస్తే, ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అని తన మీద తనే జోకు వేసుకుని ఒప్పేసుకుంది. ఆ జోకుకు డిపోలో అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే.

క్రేన్ ఆపరేటరు చెడ్డవాడేం కాదు. పనిచేసేది దూరాన, ఓడల రేవులో. ఆకాశంలో వేలాడే గాజు గదిలో పొద్దస్తమానం ఒక్కడే కూర్చుని ఓడల్లోంచి పెట్టెలు ఎత్తి దించుతాడు. మాటలతో పని లేని పని కాబట్టి మాట్లాడటం మర్చిపోయాడు. వారం విడిచి వారం ఇంటికొచ్చి, అన్నం తిని, కూతురి తల నిమిరి, నిద్రపోతాడు. భార్యతో అతను ఆడే మాటల్లో సగానికి పైగా ‘సరే’.

కింది వాటాలో పెద్దావిడ ఉండేది. పిల్ల గువ్వకు అమ్మమ్మ, అంటే పోయిన ఆ మొదటి భార్యకు తల్లి. ఇల్లు ఆవిడదే. గువ్వ అసలు పేరు వేరే ఉంది గానీ దాన్ని ఎవరూ వాడరు. మొగుడి మొదటి పెళ్ళాం తల్లిని ఏమని పిలవాలో ఏ వరసలోనూ లేదు గనక కండక్టరమ్మ చాలా తర్జనభర్జన పడి ‘పెద్దమ్మగారూ’ అని ఖాయం చేసుకుంది. ఆవిడకు ఆ తంటా లేదు, ‘ఇదిగో అమ్మాయ్’ అంటే సరిపోయేది. కూతురు పోయిన నాటి నుంచి గువ్వను ఏడాది పాటు గుండెల మీద పెట్టుకుని పెంచింది పెద్దావిడ. అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటానంటే అడ్డు చెప్పలేదు. కొత్త పెళ్ళాం గడప దాటి వచ్చిన రోజున మాత్రం ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి ఒక్క మాట అంది.

“పిల్ల పైనే ఉండనీ. కన్నవాడివి నువ్వు, నేను కాదనను. కానీ దాని ఏడుపు నా చెవిన పడుతూ ఉందా, వచ్చి తీసుకుపోతాను. మళ్ళీ ఇమ్మని అడగొద్దు.”

అల్లుడు సరే అన్నాడు.

గోడలకు చెవులుంటాయంటారు గానీ ఆ ఇంట్లో చెవులున్నది కప్పుకి. పైన చెంచా పడితే కింద తెలిసేది. గువ్వ కాస్త రాగం తీసిందంటే చాలు, కింది నుంచి చీపురు కర్రతో కప్పు మీద టక్ టక్‌మని దెబ్బలు పడేవి. ఆ చప్పుడుకి కండక్టరమ్మ చేతిలో పని వదిలేసి పిల్ల దగ్గరికి పరుగెత్తేది. ఆ పిల్ల ఆమెను ఏమనీ పిలవదు. పిన్నీ అనమని ఎంత నేర్పినా అనలేదు. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుంటుంది. పాలు తాగేటప్పుడు కూడా ఆమె మొహం కాదు, పైన తిరిగే ఫ్యాను చూస్తుంది. అయినా ఆ వాటాలో ఊపిరి తీసే రెండో ప్రాణి అదొక్కటే. అది వెళ్ళిపోతే మిగిలేది ఆ ఫ్యానూ తనూ.

అందుకని ఏడుపు బయటికి రాకముందే ఆపే ఉపాయం పట్టింది. పాలసీసా. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు పిల్ల కింది వాటా నుంచే తెచ్చుకుంది. అక్కడ ఉత్త పాలు. మొదటి రోజుల్లో కొత్త మనిషి చేతి సీసాను గువ్వ విదిలించి కొట్టింది. రెండు చెంచాల పంచదార కలిపితే పుచ్చుకుంది. అలా సీసా కింది నుంచి వచ్చింది, పంచదార పైన కలిసింది. మధ్యాహ్నం నిద్రకు ఒకటి, రాత్రి నిద్రకు ఒకటి, మధ్యలో కదిలి మూలిగితే మరొకటి. తెల్లారేదాకా ఆ రబ్బరు పంటికింద పెట్టుకునే పడుకునేది పిల్ల. ఏడుపు లేదు, కింది నుంచి చప్పుడూ లేదు. కండక్టరమ్మ తాను నెగ్గాననుకుంది.

బ్రష్షు కూడా కొంది పాపం. పిడి మీద బాతు బొమ్మ ఉన్నది ఏరి మరీ కొంది. ఒకరోజు పొద్దున్నే నోట్లో పెట్టబోతే గువ్వ దవడలు బిగించి, తల అటూ ఇటూ కొట్టుకుని, ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది. కింది నుంచి చీపురు కర్ర జవాబు చెప్పింది. బ్రష్షు గ్లాసులోకి చేరి అక్కడే అలంకారంగా నిలబడిపోయింది. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోయేవే, ఊడిపోయే వాటి కోసం ఉన్న పిల్లను పోగొట్టుకుంటానా అని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. భయపడ్డప్పుడు ఇలాంటి లెక్కలు వేసుకోవడంలో మనందరం మహా తెలివైనవాళ్ళం.

ఆ నోట్లో ఏం జరుగుతోందో ఆమెకు కనపడాల్సింది. కనపడలేదు. ఎందుకంటే గువ్వ ఆమె ముందు ఒక్కనాడూ నోరారా నవ్వలేదు. అన్నం పెడితే చెంచా పట్టేంత మేర పెదవులు తెరిచి మూసేసేది. కిందికి దిగితే మాత్రం కిలకిలా నవ్వేది. ఆ నవ్వు పైకి వినపడేది కూడా. కానీ కింద ఆ నవ్వును చూసే కళ్ళు బాగా మందగించిన కళ్ళు.

మధ్యాహ్నాలు మరీ కష్టంగా ఉండేవి. పిల్ల పడుకున్నాక ఆమె కిటికీ దగ్గర నిలబడేది. తన పాత బస్సు వీధి చివర మలుపు తిరిగే వేళ అది. గది తుడుస్తూ స్టాపుల పేర్లు వరసగా పైకి చెప్పుకునేది. ఆసుపత్రి, కూరగాయల మార్కెట్టు, కోర్టు, పెద్ద గడియారం. దిగేవాళ్ళు ఎవరూ లేరు, అయినా గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి కదా. ఒక్కోసారి కోర్టు దగ్గరే ఆగిపోయేది. ఏడుపు పంటి బిగువున ఆపుకునేది. ఏడుపు వినపడకూడదన్న నియమం ఆ ఇంట్లో ఆమెకూ వర్తించింది మరి.

అలాంటి ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక, పిల్లకు చెప్పులు కొనాలన్న సాకుతో గువ్వను చంకనేసుకుని ఆ బస్సే ఎక్కింది. పాత డ్రైవరు, డిపో అంతా బాబాయి అని పిలిచే పెద్దమనిషి, ఆమెను చూసి చెప్పలేనంత సంబరపడ్డాడు. ఇద్దరినీ తన పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. రోడ్డు ఖాళీగా ఉన్న చోట చూసుకుని, పిల్ల కోసం హారన్‌ను సన్నాయిలా వాయించాడు. గువ్వ ఉలిక్కిపడింది. కండక్టరమ్మ వైపు తిరిగింది. తిరిగి నవ్వింది. ముక్కు ముడిచి, నోరంతా తెరిచి, ఆమె మొహంలోకే చూస్తూ నవ్వింది.

ఆ నవ్వు కోసం ఆమె వచ్చిన రోజు నుంచీ కాచుకుని ఉంది. ఆ నవ్వులోనే పై వరస ముందుపళ్ళు కనపడ్డాయి. చిగుళ్ళ అంచున గోధుమరంగు గీత. నడిమి పళ్ళు రెండూ పాలల్లో ముంచి తీసిన బిస్కెట్టు అంచుల్లా కరిగిపోయి ఉన్నాయి.

పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. తిరిగి నవ్వకపోతే ఆ నవ్వు మళ్ళీ రాదేమోనని ఆమె కూడా నవ్వింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్కరిని స్టాపు దాటనివ్వని మనిషి తాను దిగాల్సిన స్టాపు దాటిపోయి, బాబాయి అడిగితే గానీ లేవలేదు.

మర్నాడే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ చిన్న వయసుదే గానీ కంగారు లేని మనిషి. గువ్వను ఆ పెద్ద కుర్చీ ఎక్కించలేదు. తాను ఒక స్టూలు లాక్కుని కండక్టరమ్మకు ఎదురుగా, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేలా కూర్చుంది. పిల్లను కండక్టరమ్మకు ఎదురుమొహంగా ఒళ్ళో కూర్చోబెట్టించి, మెల్లగా వెనక్కి వాల్చి తల తన ఒళ్ళో పెట్టుకుంది. చేతులు పట్టుకోమంది. గువ్వ గుక్కపెట్టి ఏడ్చింది. కండక్టరమ్మ ఆ చేతుల్ని, ఎప్పుడు వదిలేద్దామా అన్నట్టు పట్టుకుంది. డాక్టరమ్మ వేలితో పైపెదవి ఎత్తి, చిన్న అద్దం ఇటూ అటూ తిప్పి, పిల్లను లేపి ఇచ్చేసింది. అట్టే సేపు పట్టలేదు.

తర్వాత విషయం నెమ్మదిగా చెప్పింది. నిద్రలో నోరు తడారిపోతుంది, పళ్ళను కడిగే లాలాజలం ఊరదు. అప్పుడు సీసాలోంచి కారిన తీపి పళ్ళ వెనక మడుగు కట్టి రాత్రంతా అక్కడే ఉంటుంది. పంచదార వేసిన పాలయితే మరీ చేటు, ఉత్త పాలయినా నిద్రలో మంచిది కాదు. నడిమి పళ్ళకు గుంటలు పడ్డాయి. పక్కనున్న రెండింటికీ ఇంకా సుద్ద గీసినట్టు తెల్ల మచ్చలే, వాటిని మళ్ళీ బాగుచేయొచ్చు. ఎలాగూ ఊడిపోయేవే కదా అని కండక్టరమ్మ గొణిగితే, దవడ పళ్ళు కొన్ని పదేళ్ళ పైదాకా ఉంటాయని, కింద పెరిగే పళ్ళకు అవే చోటు పట్టి ఉంచుతాయని, చీము పడితే కింది పంటికీ ముప్పేనని చెప్పింది. మొదటి పన్ను రాగానే ఒకసారి తీసుకురావాల్సిందని కూడా అంది, తప్పుపట్టినట్టు కాదు, మామూలుగానే. పళ్ళకు ఫ్లోరైడ్ పూత పూసింది. పక్క మీద సీసా బంద్. పాలు మెలకువగా ఉన్నప్పుడు గ్లాసుతోనే. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, బియ్యపు గింజంత పేస్టుతో పెద్దవాళ్ళే తోమాలి. దీంతో పుచ్చు ఆగితే సరే, ఆగకపోతే మత్తిచ్చి ఆ పళ్ళు తీసేయాల్సి వస్తుంది.

కండక్టరమ్మ అంతా విని తన అసలు ప్రశ్న అడిగింది. “ఏడవకుండా తోమే దారేదన్నా ఉందా డాక్టరుగారూ?”

“కొన్నాళ్ళు ఏడుస్తుంది. ఏడవనీండి. ఏడిస్తే నోరు తెరుచుకుంటుంది, మన పని సులువు,” అంది డాక్టరమ్మ. “నొప్పికి ఏడవడం వేరు, నచ్చక ఏడవడం వేరు. ఇది నచ్చని ఏడుపు.”

ఆ తేడా కప్పు కింద కూర్చుని వినేవాళ్ళకు ఎలా తెలుస్తుంది. ఇంటికి తిరిగొస్తూ దారంతా ఆమెకు ఇదే ఆలోచన. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని. పళ్ళు నిలబెట్టాలంటే పిల్ల ఏడవాలి, పిల్ల నిలవాలంటే ఏడవకూడదు.

ముందు మంచిమాటగా చెప్పి చూద్దామని కింది వాటా తలుపు తట్టింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం పెద్దావిడ. పాలపళ్ళకు డాక్టరేమిటని ఎగాదిగా చూసింది. తన కూతురికి ఏ డాక్టరు చూశాడు, చివరిదాకా ముత్యాల్లాంటి పళ్ళు అంది. ఆ మాటతో ఆవిడ కళ్ళు గోడ మీది ఫోటో వైపు పోయాయి. ఆ ఫోటోలో అమ్మాయి నిజంగానే పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. ఆ నవ్వును ఒకసారి చూసి కండక్టరమ్మ పైకి వచ్చేసింది. మొగుడికి ఫోన్ చేస్తే గాలి హోరులో అంతా విని, సరే, నువ్వే చూసుకో అన్నాడు. చూసుకోవడానికి అక్కడ ఇంకెవరున్నారు గనక.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆమె తలుపు గడియ వేసి, పిల్లను నేల మీద పడుకోబెట్టి, తల తన రెండు తొడల మధ్య ఇరికించుకుని, పైపెదవి ఎత్తింది. గువ్వ కేకలు మొదలుపెట్టింది. కింది నుంచి దెబ్బలు పడ్డాయి. ఆమె ఆగలేదు. బ్రష్షు కదిలించింది, చిగుళ్ళ అంచు నుంచి కిందికి, మెత్తగా, ఒక్కో పన్నూ. చప్పుడు చేసిన చీపురు కర్ర ఆగిపోయింది, మెట్ల మీద అడుగులు వినపడ్డాయి, తలుపు దబదబా మోగింది. పని పూర్తిచేసుకుని, పిల్ల మూతి తుడిచి, అప్పుడు లేచి గడియ తీసింది.

పెద్దావిడ ఆయాసపడుతూ నిలబడి ఉంది. “ఏం చేస్తున్నావు అమ్మాయ్ పసిదాన్ని?”

“పళ్ళు తోముతున్నాను పెద్దమ్మగారూ. మీరొచ్చి తీసుకుపోతారని తెలిసే తోముతున్నాను.”

పెద్దావిడ ఒక్క క్షణం తడబడింది. కానీ అప్పటికే గువ్వ ఎగిరి ఆవిడ మెడ చుట్టేసుకుంది. మొహం భుజంలో దాచేసుకుని, కండక్టరమ్మ వైపు వెనక్కి తిరిగి అయినా చూడలేదు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. బాతు బొమ్మ బ్రష్షు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు, అదే వాటి కష్టం. ఒక మనిషికి వంట ఎంత చేసినా మిగిలిపోయేది. పిల్ల గౌన్లు ఉతికి ఆరేసి, మళ్ళీ అవే ఉతికింది. మెట్ల మీద ఎదురైన ఆడవాళ్ళు ఇప్పుడు వీపు తట్టడం లేదు, గోడవారగా తప్పుకుంటున్నారు. సవతి తల్లి అన్న మాట ఎవరూ ఆమె ముందు అనలేదు గానీ ఆమె వెనకాల ఆ మాటకు కొదవలేదు. మొగుడు వచ్చాడు, కింద కూతుర్ని చూసుకున్నాడు, పైన అన్నం తిన్నాడు, కొన్నాళ్ళు అలాగే ఉండనీ అని వెళ్ళిపోయాడు. ఆమె ఆ రాత్రి అతని పక్కన పడుకుని కూడా ఒక్కతే ఉంది. తాను చేసింది తప్పు కాదని తెలుసు. తప్పు చేయనివాళ్ళకు దొరికే ఓదార్పు ఇంత పిసరు ఉంటుందని మాత్రం ముందు తెలియదు.

ఒక మధ్యాహ్నం కింది నుంచి ఏడుపు వినిపించింది. మొదట ఆమె లేవలేదు. అది నచ్చని ఏడుపు అనుకుంది. కాసేపటికి గొంతు మారింది. ఆగి ఆగి, సన్నగా, మూలుగు కలిసిన ఏడుపు. పెద్దావిడ జోకొడుతోంది, బిస్కెట్టు ఇస్తోంది, సీసా ఇస్తోంది. ఏది నోటికి తగిలినా ఏడుపు రెట్టింపవుతోంది. కండక్టరమ్మకు ఒక్క క్షణం తుడుపుకర్ర తీసుకుని నేల మీద టక్ టక్‌మని కొట్టాలన్నంత కసి పుట్టింది. కర్ర చేతిలోకి తీసుకుంది కూడా. అది గోడకు చేర్చి, బ్రష్షు తీసుకుని కిందికి దిగింది.

తలుపు తీసే ఉంది. పెద్దావిడ పిల్లను ఎత్తుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతోంది, జుట్టు రేగిపోయి, మొహం పీక్కుపోయి. ఆమెను చూసి పొమ్మనలేదు. రమ్మనలేదు. పొద్దుట్నుంచి ఏదీ ముట్టడం లేదని, చల్లటి నీళ్ళు తగిలినా విలవిల్లాడుతోందని నేల చూస్తూ చెప్పింది.

“కిటికీ దగ్గరికి రండి,” అంది కండక్టరమ్మ. వెలుతురులో పిల్ల పైపెదవి ఎత్తి పట్టుకుంది. పెద్దావిడ కళ్ళద్దాలు సరిచేసుకుని, మొహం బాగా దగ్గరగా పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. ఇది ఎవరి సీసా వల్ల అయిందని అడిగినప్పుడు ఆవిడ గొంతులో పాత జోరు లేదు. సీసా మీది, పంచదార నాది అని కండక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు నిజం మాట్లాడుకోవడం అదే మొదలు.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. గుంటలు శుభ్రం చేసి మందు నింపింది ఆవిడ. ఇంకొక్క అవకాశం ఇద్దాం, కొన్ని వారాలు ఒక్క పూట కూడా తప్పకుండా తోమండి, ఆ తర్వాత కూడా ముదిరితే తీసేద్దాం అంది. ఇంటికొచ్చాక కింది వాటాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. మోకాళ్ళకు మోకాళ్ళు తగిలాయి. పిల్ల తల కండక్టరమ్మ ఒళ్ళో, కాళ్ళు పెద్దావిడ ఒళ్ళో. చేతులు పట్టుకోమంటే పెద్దావిడ పట్టుకుని మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

పిల్లను తిరిగి పైకి పంపమని కండక్టరమ్మ అడగలేదు. అడగొద్దన్న మాట మీద నిలబడింది. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి బ్రష్షు పట్టుకుని మెట్లు దిగేది. ఆమె అడుగు వినపడితే చాలు గువ్వ రెండు చేతులతో నోరు మూసుకునేది. ఆమె ఒళ్ళో తల పెడితే తన్నేది, ఒకసారి వేలు రక్తం వచ్చేలా కొరికింది. కండక్టరమ్మ తన పాత బస్సు గొంతు తీసి ఒక్కో పంటికీ ఒక్కో స్టాపు పేరు పిలిచేది. ఆసుపత్రి దగ్గర ఒక పన్ను, మార్కెట్టు దగ్గర ఒకటి. పెద్ద గడియారం వచ్చిందంటే అయిపోయినట్టే. అయిపోగానే పిల్ల ఎగిరి అమ్మమ్మ గుండెలకు కరుచుకునేది. ఓదార్పు అంతా అటు, కోపం అంతా ఇటు. కండక్టరమ్మ బ్రష్షు కడుక్కుని పైకి వచ్చేసేది. బస్సులో నవ్విన ఆ నవ్వు ఇక ఈ జన్మకు రాదని ఆమెకు నిశ్చయమైపోయింది. ఒక్కోనాడు మెట్ల మధ్యలో కూర్చుని, ఇప్పుడు ఎవరు విన్నా ఫరవాలేదని, గొంతెత్తే ఏడ్చేది.

పెద్దావిడ ఎప్పటి నుంచి గోడ వైపు చూడటం మానేసి ఇటు చూడటం మొదలుపెట్టిందో కండక్టరమ్మ గమనించలేదు. ఆమె దృష్టంతా పళ్ళ మీదే ఉండేది.

వారాలు గడిచాక మళ్ళీ ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. డాక్టరమ్మ పెదవి ఎత్తి, అద్దం తిప్పి, ఇంకోసారి తిప్పింది. పక్క పళ్ళ మీద తెల్ల మచ్చలు చాలావరకు పోయాయంది. నింపిన చోట గట్టిగా ఉంది, చుట్టూ ముదరలేదు, తీయాల్సిన పని లేదంది. కండక్టరమ్మ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. గువ్వ అమ్మమ్మ వెనక దాక్కుని ఉంది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, ఇంట్లో ఇంత శ్రద్ధగా తోమేది ఎవరని పెద్దావిడను అడిగింది.

పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది.

“వాళ్ళమ్మ,” అంది.

అని ఊరుకోలేకపోయింది. అందరూ చూస్తుండగానే ఆవిడ భుజాలు కదిలిపోయాయి. ఆ మాట ఆవిడ నోటి నుంచి ఒక్క మనిషి కోసమే ఇన్నాళ్ళూ వచ్చేది. ఆ మనిషి ఇక లేదన్నది ఆవిడకు ఆ గదిలోనే మళ్ళీ కొత్తగా తెలిసినట్టుంది. కండక్టరమ్మ పక్కన నిలబడింది. పిల్ల నోట వినాలని కలలు కన్న మాట అది. ఒకరికి దక్కాలంటే ఇంకొకరు వదులుకోవాల్సిన మాట అని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఇంటి మెట్ల దగ్గర పెద్దావిడ పిల్లను చంక దించి ఆమెకు అందించింది.

“ఇవాళ్టి నుంచి పైనే పడుకోబెట్టుకో,” అంది. “ఏడిస్తే ఏడవనీ అమ్మాయ్.”

గువ్వ అమ్మమ్మ వైపు చేతులు చాచి ఏడుస్తూనే పైకి వచ్చింది. పాలు గ్లాసుతో ఇస్తే ఒలకబోసింది. చీకటి పడ్డాక కండక్టరమ్మ చేతిలో బ్రష్షు చూడగానే పరుగెత్తి మంచం కిందికి దూరి, గోడ దాకా పాకి, నోరు మూసుకుని కూర్చుంది. తల్లి అన్న పేరొస్తే ఇంట్లో ఈ ఒంటరితనం పోతుందని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. పోలేదు. మంచం కింద ఆ రెండు కళ్ళు ఆమెను శత్రువును చూసినట్టే చూస్తున్నాయి, బతిమాలడానికి పక్కన ఇంకో మనిషి లేదు. ఆమె నేల మీద పడుకుని చెయ్యి చాచి, చిన్న మడమ దొరకబుచ్చుకుని, మెల్లగా బయటికి లాగింది.